వాకిట్లో దెయ్యాలకి లైటింగ్: హాలోవీన్ ఎల్‌ఈడీ స్పాట్‌లైట్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ క్యాండీకి వచ్చే హాలోవీన్ అక్టోబర్ 31న, అది దగ్గర పడేసరికి అమెరికాలో ఉన్న మన పాఠకుల ఉత్తరాలన్నీ ఒకే దారి పట్టాయి. ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా చదవచ్చు, బొమ్మల కొలువుకి లైట్లు పెట్టుకునేవాళ్ళకి ఇందులో చాలా పనికొస్తుంది.

ప్రశ్న: అండీ, మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. పిల్లల గోల భరించలేక పోయినేడు లాన్‌లో థర్మోకోల్ సమాధిరాళ్ళు, రెండు అస్థిపంజరాలు పెట్టి గరాజ్ పైనున్న ఫ్లడ్ లైట్ వేశాం. తీరా చూస్తే కార్ల షోరూంలా ఉంది, భయం మాట దేవుడెరుగు, వచ్చిన పిల్లలు నవ్వుకుంటూ పోయారు. ఎల్‌ఈడీ స్పాట్‌లైట్లు ఇంట్లోనే చేసుకోవచ్చు అంటున్నారు, నాకు సోల్డరింగ్ కాస్త వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఆ ఫ్లడ్ లైట్ ఆర్పేయండి, సగం పని అక్కడే అయిపోతుంది. భయం పుట్టించేది చీకటి, మీరు కొనాల్సిన పని లేనిది కూడా అదే, దాన్ని ఫ్లడ్ లైట్‌తో చెడగొట్టేస్తే ఎన్ని బొమ్మలు పెట్టినా దండగ. ఒక్కో వస్తువుకి ఒక్కో చిన్న లైటు, అదీ కింద నుంచో పక్క నుంచో పడాలి. మనకి రోజూ వెలుగు పైనుంచి పడటం అలవాటు కాబట్టి కింద నుంచి పడితే మామూలు మొహం కూడా తేడాగా కనిపిస్తుంది. పక్క నుంచి వాలుగా పడితే సమాధిరాయి మీద చెక్కిన గీతలు, పగుళ్ళు అన్నీ పైకి లేస్తాయి, ఎదురుగా వేశారంటే మాత్రం అది థర్మోకోల్ అని అందరికీ తెలిసిపోతుంది.

ఇక చేయడం. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు, నీలం రంగువి, ఒక్కో స్పాట్‌కి మూడు చాలు. నీలం, ఆకుపచ్చ, తెలుపు ఎల్‌ఈడీలు దాదాపు 3.2 వోల్టులు తీసుకుంటాయి, ఎరుపూ పసుపూ అయితే 2 వోల్టుల దగ్గర ఉంటాయి. నడిపించాల్సిన కరెంటు 20 మిల్లీయాంపులు. 12 వోల్టుల అడాప్టర్‌కి మూడు నీలంవి వరసగా (ఒకదాని మైనస్ ఇంకోదాని ప్లస్‌కి) కలిపితే 9.6 పోయి 2.4 వోల్టులు మిగుల్తాయి, దాన్ని 0.02తో భాగిస్తే 120 ఓములు, అంతే, ఆ 120 ఓముల రెసిస్టర్ ఒకటి వరసలో పెట్టండి, పావు వాట్‌ది సరిపోతుంది. అదే ఎరుపో పసుపో అయితే ఐదు కలపొచ్చు, 100 ఓములు. పొడుగు కాలు ప్లస్ అని గుర్తుంటే చాలు. ఒకే రెసిస్టర్ పెట్టి పది ఎల్‌ఈడీలు పక్కపక్కన పారలెల్‌గా కలిపేద్దాం అనుకోకండి, అన్నీ ఒకే రకంగా ఉండవు, ఒకటి ఎక్కువ తాగి ముందు పోతుంది, తర్వాత దాని వెనకే మిగతావి. ప్రతి వరసకీ దాని రెసిస్టర్ దానికే.

అడాప్టర్ పాత రౌటర్‌దైనా పర్లేదు, కాకపోతే వెనక లేబుల్ మీద అవుట్‌పుట్ దగ్గర 12 వోల్టులు, డీసీ అని ఉండాలి. బరువుగా ఇటుకలా ఉండే పాతకాలం అడాప్టర్లు కొన్ని లోడ్ లేనప్పుడు 12 అని రాసి ఉన్నా 15, 16 కూడా ఇస్తుంటాయి, మల్టీమీటర్ పెట్టి చూసుకున్నాకే కలపండి. తోట లైట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా అని దాన్ని తెచ్చి తగిలించకండి, చాలావాటిలో వచ్చేది 12 వోల్టుల ఏసీ, మనకి కావాల్సింది డీసీ. 1 యాంపు అడాప్టర్ మీద 20 మిల్లీయాంపుల వరసలు లెక్కకి 50 పడతాయి, కానీ 40 దగ్గర ఆగండి. గోడలోని 120 వోల్టుల వైపు మాత్రం ఏ పనీ పెట్టుకోవద్దు, అడాప్టర్ దాటాక వచ్చే 12 వోల్టులే మన రాజ్యం.

బాడీకి ముప్పావు అంగుళం పీవీసీ ఎండ్ క్యాప్ తీసుకుని 13/64 డ్రిల్ బిట్‌తో మూడు రంధ్రాలు వేస్తే 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ బిగుతుగా కూర్చుంటుంది. లోపల్నుంచి దూర్చి, సోల్డర్ చేసి, కాళ్ళు ఒకదానికొకటి తగలకుండా ష్రింక్ ట్యూబ్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) వేసి, వెనక గ్లూ గన్‌తో నింపేయండి. సోల్డరింగ్ ఐరన్‌ని ఎల్‌ఈడీ కాలి మీద రెండు మూడు సెకన్లకి మించి ఉంచొద్దు. ఆ క్యాప్‌ని నాలుగంగుళాల పొడుగు పైపు ముక్కకి తగిలించి మొత్తం మ్యాట్ నలుపు స్ప్రే కొట్టండి (ఎల్‌ఈడీల మీద టేపు వేశాకే సుమా). క్యాప్ చుట్టూ నల్ల ప్లాస్టిక్ షీటు గొట్టంలా చుట్టి ఓ రెండంగుళాలు ముందుకి వదిలితే దారిన పోయేవాళ్ళకి బల్బు కనపడదు. బల్బు కనపడిందంటే కన్ను దాని మీదే ఉంటుంది, మీ అస్థిపంజరాన్ని ఎవడూ చూడడు. వెలుగు మరీ చుక్కలా పడుతుంటే ఎల్‌ఈడీ తలని ఉప్పు కాగితంతో కొద్దిగా రుద్దండి, పరుచుకుంటుంది.

రంగులు ఎక్కువ పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. వెనక అంతా నీలం, వెన్నెల అనిపించడానికి. ముఖ్యమైన ఒకటి రెండు వస్తువుల మీద పసుపో ఆకుపచ్చో. ఎరుపు అందరూ ముందు కొంటారు, కానీ బాగా చీకట్లో మన కంటికి ఎరుపు నల్లగా పడిపోయి నీలం ఆకుపచ్చలే మెరుస్తాయి, ఇది చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం మొదట్లోనే గమనించిన సంగతి. కాబట్టి ఎరుపు పెడితే దగ్గర్లోనే, కిటికీ లోపల్నుంచో తలుపు వెనకనుంచో.

ప్రశ్న: మాది ఎడిసన్, న్యూజెర్సీ. మీరు చెప్పే రకంవే 20 స్పాట్లు చేశాను, మూడేసి నీలం, 120 ఓములు. టేబుల్ మీద అదిరిపోయాయి. యాభై అడుగుల అవతల చెట్టు కింద స్మశానం సెట్ వేసి, ఇంట్లో పడున్న ఈథర్నెట్ కేబుల్‌లో ఒక జత తీగలతో కరెంటిస్తే అన్నీ డల్‌గా ఉన్నాయి. అడాప్టర్ మార్చినా అంతే. ఎల్‌ఈడీలు నాసిరకమా?

ఎల్‌ఈడీలు ఏం పాపం చేశాయండీ, తప్పు తీగది. ఈథర్నెట్ తీగ 24 గేజ్ (గేజ్ అంకె పెద్దదయ్యేకొద్దీ తీగ సన్నం), వెయ్యి అడుగులకి దాదాపు 25.7 ఓములు. మీది యాభై అడుగులే అంటున్నారు కానీ కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కదా, వంద అడుగులు లెక్కేయాలి, అంటే 2.6 ఓములు. 20 స్పాట్లు ఇరవయ్యేసి మిల్లీయాంపులు, మొత్తం 0.4 యాంపులు. రెండూ గుణిస్తే ఒక వోల్టు దారిలోనే మాయం.

ఒక్క వోల్టే కదా అనిపిస్తుంది. కానీ ఎల్‌ఈడీలు వాటి 9.6 అవి తీసేసుకున్నాక రెసిస్టర్‌కి మిగిలేది 2.4, కరెంటు ఎంతో తేల్చేది ఆ మిగులే, అందులోంచి ఒకటి పోతే 1.4 అయింది, కరెంటు దాదాపు సగానికి దిగుతుంది. కరెంటు తగ్గేకొద్దీ తీగలో పోయే వోల్టేజీ కూడా తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత ఘోరంగా ఉండదు కానీ డల్ అయితే ఖాయం.

కొత్త తీగ కొనే ముందు ఒకటి చేయండి, ఆ కేబుల్‌లో ఎనిమిది తీగలున్నాయి, రెండే వాడి ఆరు ఖాళీగా వదిలేశారు. నాలుగు కలిపి ప్లస్, నాలుగు కలిపి మైనస్ చేయండి. తీగ అడ్డు (రెసిస్టెన్స్) నాలుగో వంతుకి పడిపోయి నష్టం పావు వోల్టు దగ్గరకొస్తుంది, మీ సమస్య పైసా ఖర్చు లేకుండా తీరిపోతుంది. అయితే ఆ కేబుల్ అసలు రాగిదై ఉండాలి, అల్యూమినియం మీద రాగి పూత పూసిన చౌక రకాలు ఉంటాయి, వాటి అడ్డు ఎక్కువ. వచ్చే ఏడు పెద్దగా చేసే ఉద్దేశం ఉంటే 18 గేజ్ తోట తీగ కొనేయండి, వెయ్యి అడుగులకి 6.4 ఓములే. ఇంకో దారి, దూరంగా ఉండే స్పాట్లలో మూడు బదులు రెండే ఎల్‌ఈడీలు పెట్టి 270 ఓముల రెసిస్టర్ వేయడం. అప్పుడు రెసిస్టర్ దగ్గర 5.6 వోల్టుల మిగులుంటుంది, ఒక వోల్టు పోయినా పెద్దగా తెలీదు. రెసిస్టర్ దగ్గర కరెంటు వేడిగా పోవడం వృథా కదా అని ఇంజనీరు పాఠకులు ఉత్తరాలు రాస్తారని తెలుసు, స్పాట్‌కి పదో వంతు వాట్ వృథా, నెల మొత్తం వెలిగించినా బిల్లులో కనపడదు.

ప్రశ్న: నేపర్‌విల్‌లో టౌన్‌హౌస్ మాది, బయట ప్లగ్ లేదు. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయా?

నడుస్తాయి. రెండు నీలం ఎల్‌ఈడీలకి 150 ఓములు. కాకపోతే ఆ బ్యాటరీలో సరుకు తక్కువ, వోల్టేజీ కొంచెం దిగగానే వెలుగు బాగా పడిపోతుంది, పైగా మీ ఊరి చలికి ఆల్కలైన్ బ్యాటరీలు ఇంకా నీరసపడతాయి. ఆ ఒక్క సాయంత్రానికీ ముందు ఒకటి రెండు రోజులకీ ఓకే. అంతకంటే ఎనిమిది డబుల్-ఏ బ్యాటరీలు పట్టే హోల్డర్ కొనుక్కోండి, 12 వోల్టులు వస్తుంది, పై స్పాట్లు ఏ మార్పూ లేకుండా దానికే తగిలించొచ్చు, మూడు నాలుగు స్పాట్లని హాయిగా లాగుతుంది.

ప్రశ్న: వాషింగ్టన్‌లో సమామిష్ నుంచి. మాకు అక్టోబర్ అంటే వానే. స్పాట్లు నేలలో ఎలా నిలబెట్టాలి, వానకి ఏం జాగ్రత్తలు? యాంగిల్ మార్చుకునేలా ఉండాలి, ప్రతిసారీ జిగురు పీకలేను.

జిగురే వద్దు. పీవీసీ ఫిట్టింగులు నొక్కి పెడితే చాలు, తిరుగుతాయి కూడా. చక్కటి కిటుకు ఒకటుంది, 45 డిగ్రీల ఎల్బోలు రెండు, మధ్యలో చిన్న పైపు ముక్క. ఒకదాన్ని ఇంకోదాని మీద తిప్పుకుంటూ పోతే పైపు తిన్నగా నిలబడిన దగ్గర్నుంచి పూర్తి అడ్డంగా వంగే దాకా ఏ కోణమైనా వస్తుంది, మరలూ నట్టులూ ఏమీ లేకుండానే. వానలో తడిసిన చేత్తో కూడా తిప్పుకోవచ్చు.

నిలబెట్టడానికి సన్న రీబార్ (కాంక్రీటులో వేసే ఇనప చువ్వ) ముక్కని నేలలో దింపి పైపుని దాని మీద తొడగండి, తడి నేలలో ఉత్త పైపు గుచ్చితే తెల్లారేసరికి వాలిపోయి ఉంటుంది. రీబార్ కొన పైపు బయటికి అస్సలు కనపడకూడదు, చీకట్లో మాస్కులు వేసుకుని పరిగెత్తే పిల్లల మధ్య అది ప్రమాదం. గుచ్చే ముందు స్ప్రింక్లర్ పైపులు ఎటు పోయాయో చూసుకోండి. అమెరికాలో తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లకి గుర్తులు పెట్టి పోతారు కానీ మీ సొంత స్ప్రింక్లర్ లైన్లకి పెట్టరు, అవి మీరే కనుక్కోవాలి. వాకిలి సిమెంటుదైతే బకెట్లో ఇసుక పోసి అందులో పైపు నిలబెట్టి మీద ఎండుటాకులు కప్పేస్తే సరి. చెట్టుకి కట్టాలంటే నల్ల జిప్ టైలు కట్టండి, తెల్లవి ఎండకి పెళుసుబారి తెగుతాయి. మేకులు మాత్రం కొట్టకండి, చెట్టుకేం పగ లేదు మీ మీద.

వాన సంగతి. స్పాట్ పైకి చూస్తుంటే క్యాప్ ముందుకి వదిలిన ఆ నల్ల షీటు గొట్టంలో నీళ్ళు నిలుస్తాయి, కాబట్టి కింది అంచున చిన్న రంధ్రం వేయండి. ఎల్‌ఈడీల చుట్టూ సిలికాన్ రాయొచ్చు కానీ వెనిగర్ వాసనొచ్చే రకం కొనొద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆసిడ్ రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్నది తీసుకోండి. తీగ లోపలికి వెళ్ళే చోట కాస్త కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వదలాలి, నీటి బొట్టు తీగ పట్టుకుని వచ్చినా ఆ వంపు దగ్గర కారిపోతుంది. బయట జాయింట్లకి ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టి దణ్ణం పెట్టుకోవద్దు, లోపల జెల్ ఉండే కనెక్టర్లు దొరుకుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం అడాప్టర్. అది ఇంట్లో వాడేదే అయితే వానలో పెట్టొద్దు, గరాజ్ లోపల ప్లగ్‌కి పెట్టి 12 వోల్టుల తీగని మాత్రమే బయటికి తీసుకెళ్ళండి. బయట పెట్టక తప్పకపోతే బయటికని రాసున్న అడాప్టరే కొనండి, జీఎఫ్‌సీఐ ఉన్న ప్లగ్ మాత్రమే వాడండి, 5 మిల్లీయాంపులు అటూ ఇటూ లీకైతే చాలు అది ట్రిప్ అయి కరెంటు ఆపేస్తుంది. ప్రతి వానకీ ట్రిప్ అవుతోందని విసుక్కుని దాన్ని తప్పించి వేరే ప్లగ్‌కి మారేవాళ్ళున్నారు, దయచేసి అలా చేయకండి, అది ట్రిప్ అవుతోందంటే ఎక్కడో నీళ్ళు చేరాయని అర్థం.

ప్రశ్న: కారీ, నార్త్ కరొలైనా. మా ఆయన పట్టుబట్టి 12 అడుగుల అస్థిపంజరం కొన్నారు. రాత్రయితే నడుం దాకా కనిపిస్తోంది, తల చీకట్లో. ఇంకోటి, దాని నీడ ఇంటి గోడ మీద పెద్దగా పడాలని ఆయన కోరిక.

2020లో హోమ్ డిపో దాన్ని దించిన దగ్గర్నుంచీ ప్రతి వీధిలో ఒకటి నిలబడుతోంది, లైటింగ్ మాత్రం అందరికీ ఇదే బాధ. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు మూడింటికి అంత ఎత్తు అందదు. ఎంఆర్16 అనే 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు తీసుకోండి, రంగువి కూడా ఉంటాయి, వెడల్పు సరిగ్గా 2 అంగుళాలు కాబట్టి 2 అంగుళాల పీవీసీ పైపులో దూరిపోతాయి. ఏసీ డీసీ రెంటికీ పనిచేస్తుందని రాసున్నదే కొనండి, పైపుకి వెనకవైపు గాలి రంధ్రాలు వేయండి, ఇవి వేడెక్కుతాయి. 5 వాట్లది దాదాపు 0.4 యాంపులు లాగుతుంది, చిన్న స్పాట్లు 20 కలిస్తే ఎంతో ఇదొక్కటే అంత, అడాప్టర్ దానికి తగ్గట్టు.

ఆరడుగుల దూరంలో నేల మీద పెట్టి పైకి తిప్పితే తల దాకా 13 అడుగులు పైచిలుకు దూరం. వెలుగు 15 డిగ్రీల కోణంలో పరుచుకునే బల్బు అయితే అక్కడ మూడున్నర అడుగుల వెలుగు వలయం పడుతుంది, అంటే తలా భుజాలూ. 30 డిగ్రీలది కొంటే ఏడడుగులు పరుచుకుని వెలుగు పల్చబడిపోతుంది. కాబట్టి సన్నటిది తలకి, ఇంకో మామూలు నీలం స్పాట్ పక్క నుంచి పక్కటెముకలకి.

నీడ విషయంలో మీ ఆయనకి చిన్న నిరాశ తప్పదు. ఆ 12 అడుగుల అస్థిపంజరం నీడ గోడ మీద పట్టదు, పైకప్పు దాటి ఆకాశంలోకి పోతుంది. నీడకి చిన్న బొమ్మ తీసుకోండి, మూడడుగుల అస్థిపంజరమో పిల్లి బొమ్మో. లైటు నుంచి గోడకి ఉన్న దూరాన్ని లైటు నుంచి బొమ్మకి ఉన్న దూరంతో భాగిస్తే నీడ ఎన్ని రెట్లో తెలుస్తుంది. బొమ్మ 4 అడుగుల్లో, గోడ 12 అడుగుల్లో ఉంటే మూడు రెట్లు, మీ మూడడుగుల బొమ్మ తొమ్మిదడుగులైపోతుంది. దీనికి మాత్రం గుత్తిగా ఉన్న ఎల్‌ఈడీలు పనికిరావు, మూడుంటే మూడు నీడలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోయినట్టు ఉంటుంది. లెన్స్ లేని 3 వాట్ల ఎల్‌ఈడీ ఒక్కటే, వెనక అల్యూమినియం ముక్క తగిలించి, దానికని అమ్మే 700 మిల్లీయాంపుల డ్రైవర్‌తో (కరెంటు నిలకడగా పంపే చిన్న సర్క్యూట్) నడపండి. వెలుగు ఒక్క చుక్క నుంచి వస్తేనే నీడ అంచులు కత్తిరించినట్టు వస్తాయి.

ప్రశ్న: ఫ్రీమాంట్ నుంచి. తెల్లబట్ట దెయ్యాలు చీకట్లో మెరవాలంటే యూవీ ఎల్‌ఈడీలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంవి చౌక, కానీ చుట్టూ ఊదారంగు పులిమినట్టు వెలుగు కనిపిస్తుంది, 365వి అయితే ఆ ఊదా చాలా తక్కువ, బట్ట ఒక్కటే మెరుస్తుంది, ధర మాత్రం ఎక్కువ. కొత్త గుడ్డ మెరవకపోతే బట్టల సబ్బు పౌడర్‌లో ఓసారి ఉతకండి, తెలుపు మెరవడానికి అందులో కలిపే పదార్థాలే యూవీకి నీలంగా వెలుగుతాయి. టానిక్ వాటర్ సీసా కూడా వెలుగుతుంది, అందులోని క్వినైన్ వల్ల. యూవీ స్పాట్ ఎప్పుడూ పిల్లల కళ్ళ ఎత్తులో వాళ్ళ వైపు తిరిగి ఉండకూడదు, పొద వెనక నేల మీద పెట్టి దెయ్యం వైపు తిప్పేయండి.

ప్రశ్న: ఆల్ఫరెటా, జార్జియా. గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చారు. దీపావళి ముందర గుమ్మంలో స్మశానం ఏంటని రోజూ గొడవ. ఆవిడకి ఏం చెప్పమంటారు? లైట్లన్నీ మళ్ళీ మార్చాలా?

అత్తగారితో వాదించే కాలమ్ మాది కాదమ్మా, కానీ ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. 2024లో దీపావళి సరిగ్గా హాలోవీన్ రోజు అక్టోబర్ 31నే వచ్చి చాలా ఇళ్ళల్లో ఒక పక్క ప్రమిదలు, ఒక పక్క పుర్రెలు పెట్టుకోవాల్సి వచ్చింది. 2026లో నవంబర్ 8 కాబట్టి మీకు వారం టైముంది. గుమ్మం, మెట్లు ఆవిడకి వదిలేయండి, స్మశానం లాన్ అవతలి మూలకి పంపండి. నిజానికి డిస్‌ప్లేకి కూడా అదే మంచిది. హాలోవీన్ రాత్రి వరండా లైటు వెలుగుతుంటేనే ఈ ఇంట్లో క్యాండీ ఇస్తారని పిల్లలు వస్తారు, కాబట్టి గుమ్మం దగ్గర ఎలాగూ మామూలు వెచ్చటి వెలుగే ఉండాలి, మెట్లు కనపడాలి, నడిచే దారికి అడ్డంగా ఒక్క తీగ కూడా ఉండకూడదు.

లైట్లు మొత్తం మార్చక్కర్లేదు. స్పాట్ తలకీ (ఎల్‌ఈడీలున్న క్యాప్ భాగం) తీగకీ మధ్య 5.5 మిల్లీమీటర్ల డీసీ పిన్ను, సాకెట్ పెట్టుకుంటే నవంబర్ 1న పొద్దున్న నీలం తలలు ఊడబీకి పసుపు తలలు తగిలించేయొచ్చు, ఐదు పసుపు ఎల్‌ఈడీలు, 100 ఓములు, ప్లస్ మైనస్‌లు అన్నిటికీ ఒకే వైపు ఉండేలా చూసుకోండి. స్టాండ్లు, తీగలు, అడాప్టర్, టైమర్ అన్నీ అవే. ముగ్గు మీద పక్క నుంచి రెండు, తులసి కోట ఉంటే దానికొకటి. ఆ పసుపు తలలు మీ అత్తగారి చేతే పెట్టించండి, 12 వోల్టులే కాబట్టి భయమేం లేదు, సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఆవిడకి అందకుండా పైన పెట్టండి.